కుర్చీ దక్కింది, కబురు ఆగింది

సమావేశం పెడితే ఎవరూ రారని మున్సిపల్ అధికారులు వాపోతుంటారు. ఏ దేశంలోనైనా ఇదే మాట. వాడలోకి వెళ్లి అడిగితే ఎదురు ప్రశ్న వస్తుంది: సమావేశం ఉందని మాకెవరు చెప్పారు? ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. నగర పాలనలో వాడ జనానికి చట్టం కొద్దికొద్దిగా చోటు ఇస్తూ వచ్చింది. ఆ చోటులో కూర్చుని ఏం అడగాలో చెప్పే చిన్న పత్రికలు మాత్రం ఆ వెనకే ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే నూట ముప్పై ఏళ్ల కిందటి ఒక చెత్త గొడవ నుంచి మొదలుపెట్టాలి.

జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు యువతులు 1889లో షికాగోలో హల్ హౌస్ అనే సేవాకేంద్రం తెరిచారు. అది 19వ వార్డు, చుట్టూ వలస కార్మికుల ఇళ్లు. వీధి పక్కన బిగించిన చెక్క పెట్టెల్లో చెత్త నిండి పొర్లేది, పిల్లలు వాటి మీదే ఎక్కి ఆడుకునేవాళ్లు. హల్ హౌస్ మహిళా క్లబ్బు సభ్యులు సాయంత్రాలు సందుసందూ తిరిగి, రుజువులతో సహా రాసి ఆరోగ్య శాఖకు పంపడం మొదలుపెట్టారు. రెండు నెలల్లో అలా పంపిన ఫిర్యాదులు 1,037. అయినా వార్డు బాగుపడలేదు. చివరికి 1895లో ఆడమ్స్ ఏకంగా చెత్త ఎత్తే కాంట్రాక్టుకే టెండరు వేసింది. సాంకేతిక కారణం చూపి దాన్ని పక్కన పడేశారు గానీ, ఆ గొడవ నలుగురి నోళ్లలో పడింది. మేయర్ ఆమెనే వార్డు చెత్త ఇన్‌స్పెక్టరుగా వేశాడు.

తెల్లారి ఆరింటికల్లా ఆమె చెత్తబండ్ల వెనక బయల్దేరేది. ఒక ఇరుకు వీధిలో పద్దెనిమిది అంగుళాల లోతున ఏకంగా బాటే బయటపడింది. తర్వాత వెతికితే, ఆ బాట వేసినట్టు నగర కార్యాలయం రికార్డుల్లో పదిలంగా ఉంది! ఆ వీధిలోని ఇటలీవాళ్లు మాత్రం పెద్దగా ఆశ్చర్యపోలేదట. పూడిపోయిన నగరాలను తవ్వి తీయడం వాళ్ల దేశంలో మామూలే కదా అని ఆడమ్స్ తర్వాత చమత్కరించింది. కాగితం ఆఫీసులో ఉంది, బాట మట్టిలో ఉంది, ఆ రెంటినీ కలిపే మనిషి మాత్రం అంతవరకూ లేదు.

ఇదే వార్డులో జానీ పవర్స్ అనే ఆల్డర్‌మన్, అంటే మన కార్పొరేటర్ లాంటివాడు, ఉండేవాడు. 1896లోనూ, 1898లోనూ అతన్ని ఓడించాలని హల్ హౌస్ బృందం గట్టిగా ప్రయత్నించింది, కుదరలేదు. ఎందుకు కుదరలేదో ఆడమ్స్ నిజాయితీగా రాసింది: అతను చావుకొస్తాడు, పెళ్లికొస్తాడు, అద్దె కట్టలేని ఇంటికి అద్దె కడతాడు, కుర్రాడికి ఉద్యోగం వేయిస్తాడు. ఈ మనిషిని మన పాఠకులకు ప్రత్యేకంగా పరిచయం చేయనక్కర్లేదు. ఎవరింట్లో ఏ కష్టం ఉందో అతనికి తెలుసు. సిటీ హాల్లో ఏం జరుగుతోందో ఆ ఇళ్లకు తెలియాలన్నా అతని నోటి వెంటే రావాలి. అతని బలం అక్కడే ఉంది.

ఆ బలానికి పోటీగా నిలవగలిగింది వాడ పత్రిక. ఇరవయ్యో శతాబ్దం నడిమికి షికాగో ఒక్క నగరంలోనే ఎనభైకి పైగా వాడ పత్రికలుండేవి. సామాజిక శాస్త్రవేత్త మోరిస్ జానోవిట్జ్ వాటిని దగ్గరగా చదివి 1952లో తన అధ్యయనం అచ్చువేశాడు. అవేవీ నిప్పులు చెరిగే పత్రికలు కావు. పెళ్లిళ్లు, చర్చి కార్యక్రమాలు, కొత్త దుకాణాలు, బడి విశేషాలు. వివాదం కనిపిస్తే వీలైనంత వరకు పక్కకు తప్పుకునేవి. ప్రకటనలిచ్చేది పక్కవీధి దుకాణదారే కాబట్టి అతన్ని నొప్పించే ధైర్యం వాటికి తక్కువ. పోయిన కాలాన్ని బంగారం చేసి చూపేవాళ్లు ఈ సంగతి మర్చిపోతుంటారు. అయితే జానోవిట్జ్ ఇంకోటి కూడా గమనించాడు: ఆ పేపర్లు చదివేవాళ్లకు వాడ తమదనిపించేది. ఉన్నంతకాలం, తమ పనికొచ్చినంత మేర, వాళ్లు ఆ వాడకు కట్టుబడి ఉండేవాళ్లు.

ఆ రోజుల్లోనే పెద్ద పత్రిక ఒకటి ఒక చట్టానికి కారణమైంది. 1952లో శాన్ ఫ్రాన్సిస్కో క్రానికల్ విలేకరి మైక్ హారిస్, కాలిఫోర్నియాలో స్థానిక సంస్థలు తలుపులు మూసుకుని నిర్ణయాలు చేస్తున్న తీరు మీద పది భాగాల కథనం రాశాడు. మరుసటి ఏడాదే రాష్ట్ర శాసనసభ బ్రౌన్ చట్టం చేసింది. దాంతో కౌన్సిల్ సమావేశాలకు తలుపులు తెరవక తప్పలేదు. తెరిచిన తలుపులోంచి ఎవరు లోపలికొస్తారన్నది చట్టం చెప్పగలిగేది కాదు. ఈ మాట కాస్త గుర్తుంచుకుంటే తర్వాతి కథ తేలిగ్గా అర్థమవుతుంది.

కబురు ముందే అందితే ఏమవుతుందో న్యూయార్క్ చూపించింది. 1961 ఫిబ్రవరిలో వెస్ట్ విలేజ్‌లోని పద్నాలుగు బ్లాకులను శిథిల ప్రాంతం కింద పరిశీలించి పునర్నిర్మాణానికి ఎంపిక చేయాలని నగరం తలపెట్టింది. అక్కడే కాపురముంటున్న రచయిత్రి జేన్ జేకబ్స్‌కు ఆ సంగతి తెలిసింది పేపర్లోనే. అధికారులు ఇంటికొచ్చి చెప్పలేదు. రోజుల వ్యవధిలో వాడంతా ఒక కమిటీగా ఏర్పడి, ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకుని, విచారణలకు వెళ్లి ఎదురు నిలిచింది. ఏడాది తిరిగేలోగా ప్రతిపాదన వెనక్కి వెళ్లింది. జేకబ్స్ వాదనాపటిమను అందరూ పొగుడుతారు, తప్పులేదు. కానీ వార్త ఆర్నెల్లు ఆలస్యమై ఉంటే ఆ పటిమ బుల్డోజరు ముందు ఎంతసేపు నిలిచేదో!

1960లలో అమెరికా ప్రభుత్వమే పేదల వాడల్లో జనం వీలైనంత ఎక్కువగా పాల్గొనాలని 1964 నాటి చట్టంలో రాసింది. ఐదేళ్లు గడిచాక, ఆ పాల్గొనడంలో పస ఎంతో విధాన విశ్లేషకురాలు షెర్రీ ఆర్న్‌స్టైన్ ఎనిమిది మెట్ల నిచ్చెన గీసి చూపింది. అన్నిటికన్నా కింది మెట్టు జనాన్ని ఆడించడం, పై మెట్టు జనం చేతికే పెత్తనం. 1968లో పారిస్ విద్యార్థులు గోడ మీద అతికించిన ఒక పోస్టరును ఆమె తన వ్యాసంలో వేసుకుంది. నేను పాల్గొంటాను, నువ్వు పాల్గొంటావు, అతను పాల్గొంటాడు, మేము పాల్గొంటాము, మీరు పాల్గొంటారు అని వ్యాకరణ పాఠంలా సాగి, చివర్లో "వాళ్లు లాభపడతారు" అని ముగుస్తుంది.

ఆ వేడిలోనే చోట్లు దక్కడం మొదలైంది. న్యూయార్క్ 1975లో తన చార్టర్‌ను, అంటే నగరానికి రాజ్యాంగం లాంటి పత్రాన్ని, సవరించి నగరాన్ని 59 కమ్యూనిటీ బోర్డులుగా విడగొట్టి, ఒక్కోదానిలో యాభై మంది దాకా సభ్యులను పెట్టింది. స్థల వినియోగం మారాలంటే బోర్డు అభిప్రాయం అడగాలి, వినాలన్న నియమం మాత్రం లేదు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె 1989లో ఇంకో అడుగు ముందుకేసి, పెట్టుబడి బడ్జెట్ ఎక్కడ ఖర్చుపెట్టాలో వాడసభల్లోనే తేల్చుకోమంది. భారతదేశంలో 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చి, జనాభా మూడు లక్షలు, అంతకు మించి ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని చెప్పింది. వీటిలో పోర్టో అలెగ్రె పద్ధతికి ఎక్కువ పస ఎందుకొచ్చిందంటే నా లెక్కన ఒకటే కారణం: అక్కడ చర్చకు ముందే లెక్కలు జనం ముందు పెట్టేవారు, పోయినేడు ఒప్పుకున్న పనుల్లో ఏవి అయ్యాయో, ఏవి కాలేదో అడిగేవారు.

ఈ చట్టాలన్నీ కుదురుకుంటున్న సమయానికి రెండో వైపు గోడ కూలడం మొదలైంది. వాడ పత్రికలు బతికింది వార్తల మీద కాదు, అద్దె ఇళ్లు, పాత కార్లు, ఉద్యోగాల చిన్న ప్రకటనల మీద. అవి ముందు క్రెయిగ్స్‌లిస్ట్ అనే చిన్న ప్రకటనల వెబ్‌సైటుకు, మిగతావి గూగుల్, ఫేస్‌బుక్‌లకు వెళ్లిపోయాయి. 2005 తర్వాత అమెరికా తన వార్తాపత్రికల్లో మూడో వంతుకు పైగా పోగొట్టుకుంది, వాటిలో ఎక్కువ భాగం వారపత్రికలే.

దీని అసలు ధర లాస్ ఏంజెలస్ పక్కనున్న బెల్ అనే చిన్న నగరంలో బయటపడింది. జనాభా ముప్పై ఐదు వేలు, అత్యధికులు స్పానిష్ మాట్లాడే శ్రామికులు. 2005 నవంబరులో నగరానికి సొంత చార్టర్ కావాలా అని ప్రత్యేక ఎన్నిక పెట్టారు. పడిన ఓట్లు 400 కూడా లేవు. ఆ చార్టర్ వల్ల కౌన్సిలర్ల జీతాలకు రాష్ట్ర చట్టం పెట్టిన పరిమితి బెల్‌కు వర్తించకుండా పోయింది. ఆ తర్వాత ఐదేళ్ల పాటు ఎవరూ అడగలేదు. అడగడానికి కౌన్సిల్ హాల్లో క్రమం తప్పకుండా కూర్చునే విలేకరి లేడు. 2010 జులైలో లాస్ ఏంజెలస్ టైమ్స్ విలేకరులు జెఫ్ గాట్లీబ్, రూబెన్ వివెస్ బయటపెట్టేసరికి సిటీ మేనేజర్ రాబర్ట్ రిజ్జో ఏడాది జీతం 7,87,637 డాలర్లు. పార్ట్‌టైమ్ కౌన్సిలర్లకు ఒక్కొక్కరికి లక్ష డాలర్ల దాకా ముట్టింది. బ్రౌన్ చట్టం అక్కడా అమల్లోనే ఉంది, తలుపు చట్టప్రకారం తెరిచే ఉంది.

వార్త వచ్చాక జనం రాలేదా? విరగబడి వచ్చారు. హాలు చాలక బయట నిలబడ్డారు. వాళ్లే ఒక సంఘం పెట్టుకుని సంతకాలు సేకరించి, 2011 మార్చిలో కౌన్సిలర్లను రీకాల్ చేసి, అంటే గడువు తీరకముందే ఓటుతో దించి, పంపేశారు. రిజ్జోకు 2014లో పన్నెండేళ్ల జైలు పడింది. జనానికి ఆసక్తి లేదనే వాదనకు ఇంతకు మించిన జవాబు నాకు కనిపించదు.

ఈ నష్టాన్ని లెక్కగట్టినవాళ్లూ ఉన్నారు. 1996 నుంచి 2015 వరకు పత్రికలు మూతపడిన కౌంటీలను పరిశీలించిన ముగ్గురు ఆర్థిక పరిశోధకులు, ఆ తర్వాత అక్కడి స్థానిక ప్రభుత్వాలు బాండ్ల మీద అదనంగా వడ్డీ కట్టాల్సి వచ్చిందని తేల్చారు. వందకు ఐదు నుంచి పదకొండు పైసల చొప్పున అనుకోండి. కనిపెట్టి చూసేవాడు లేని చోట అప్పిచ్చేవాడు ముందే జాగ్రత్త పడతాడన్నమాట. ఆ తేడా కట్టేది మళ్లీ పన్ను చెల్లించే వాడవాళ్లే.

ఇప్పుడు ఆ ఖాళీలో కాలనీ వాట్సాప్ గ్రూపులు, నెక్స్ట్‌డోర్ లాంటి యాప్‌లు వచ్చి కూర్చున్నాయి. వాటిని తీసిపారేయలేం, నీళ్లు రాకపోయినా కుక్క తప్పిపోయినా క్షణంలో తెలుస్తుంది. కానీ వచ్చే మంగళవారం కౌన్సిల్ ఎజెండాలో పదిహేడో అంశం ఏమిటో వాటిలో ఎవరూ రాయరు. ఎనభై పేజీల కాగితం చదవడం ఒక పని, దానికి ఎవరో ఒకరికి జీతం ఉండాలి.

ఈ మాటనే ఒక పథకంగా మార్చినవాళ్లు షికాగోలోనే ఉన్నారు. 2015లో మొదలైన సిటీ బ్యూరో అనే సంస్థ మామూలు పౌరులకు శిక్షణ ఇచ్చి, గంటల లెక్కన డబ్బిచ్చి ప్రభుత్వ సమావేశాలకు పంపుతుంది. వాళ్లు రాసుకొచ్చిన వివరాలను సరిచూసి అందరికీ అందుబాటులో పెడుతుంది. డాక్యుమెంటర్స్ అనే ఈ పద్ధతి డెట్రాయిట్, క్లీవ్‌లాండ్ వంటి నగరాలకూ పాకింది. క్లీవ్‌లాండ్ కౌన్సిల్ సమావేశాల్లో దశాబ్దాల తరబడి జనం మాట్లాడే సమయమన్నదే లేదు. అక్కడ డాక్యుమెంటర్లు కూర్చోవడం మొదలుపెట్టాక ఆ లోటు వార్తయింది, పౌరులు పట్టుబట్టారు. 2021 నుంచి మాట్లాడదలచినవాళ్లు ముందుగా పేరు నమోదు చేసుకుంటే ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇస్తున్నారు.