రెండు గంటల వడ్డీ

"ఆ గమ్ము దండగ సార్. రెండు స్ట్రిప్పులు నమిలేశాను. కారంగా ఉంది, ఎక్కిళ్లొచ్చాయి, సిగరెట్ మీద యావ మాత్రం పోలేదు" అన్నారాయన. సొంతూరు హిందూపురం. పన్నెండేళ్లుగా బెంగళూరులో ఉంటూ దేవనహళ్లి విమానాశ్రయానికి క్యాబ్ నడుపుతున్నారు. రోజుకి 15 సిగరెట్లు.

సిగరెట్ మాన్పించే ఆ నికోటిన్ గమ్ము రాసిచ్చింది నేనే. ఎలా నమలాలో చెప్పనిదీ నేనే. ఆ రోజు ఓపీ కిటకిటలాడుతోంది. "మానెయ్యండి, నాలుక పీకినప్పుడు ఇది నమలండి" అని చీటీ చేతిలో పెట్టి, తర్వాతి పేషెంటును పిలిచాను.

ఈసారి నింపాదిగా అడిగాను, ఎప్పుడెప్పుడు నమిలారని. "బండి పక్కన ఆపి కాఫీ తాగేటప్పుడే సార్. సిగరెట్ గుర్తొచ్చేదే అప్పుడు కదా!"

తప్పెక్కడుందో అర్థమైంది. అది చెప్పాలంటే ముందు పొగాకు చేలో దిగాలి.

నేను ప్రకాశం జిల్లా వాణ్ణి. ఆకును వేడితో ఆరబెట్టి క్యూరింగ్ చేసే పొగాకు బ్యారన్ల వాసన మధ్య పెరిగాను. నికోటిన్‌ని మొక్క మన కోసం తయారు చేసుకోదు, పురుగుల్ని చంపడానికి చేసుకుంటుంది. వేళ్లలో తయారై, కాండం గుండా పైకెక్కి ఆకుల్లో చేరుతుంది. పూత రాగానే రైతు మొక్క తల తుంచుతాడు. అప్పుడు ఆకు దళసరి అవుతుంది, అందులో నికోటిన్ కూడా పెరుగుతుంది. మంచుకి తడిసిన పచ్చి ఆకు కోసే కూలీలకు ఒక్కోసారి తలతిరుగుడు, వాంతులు వస్తాయి. వాళ్లు చుట్ట ముట్టించి ఉండకపోవచ్చు, నికోటిన్ చర్మం గుండానే లోపలికి పోతుంది.

మా తాత నాటు పొగాకు చుట్ట కాల్చేవాడు. పొగ నోట్లో తిప్పి వదిలేసేవాడే తప్ప గుండెల్లోకి పీల్చేవాడు కాదు. పీలిస్తే దగ్గుతో ఉక్కిరిబిక్కిరి అయ్యేవాడు. చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువ. క్షారం ఉన్నచోట నికోటిన్ నోటి లోపలి పొరలోంచే రక్తంలోకి జారుతుంది. అరచేతిలో పొగాకు నలిపి సున్నం కలిపేవాళ్లకు ఈ సంగతి ఏ పుస్తకం చదవకుండానే తెలుసు. సున్నం లేకపోతే 'పట్టదు' అంటారు. ఆ పట్టడం వెనక ఉన్నది ఈ రసాయన శాస్త్రమే.

బ్యారన్‌లో క్యూరింగ్ చేసి సిగరెట్లలో వాడే వర్జీనియా ఆకు కథ వేరు. అందులో చక్కెరలు మిగిలి ఉంటాయి, కాబట్టి దాని పొగ కొంచెం ఆమ్లంగా, గొంతుకు మెత్తగా ఉంటుంది. నోట్లో అంతగా ఇంకదు. కానీ మెత్తగా ఉండబట్టే నిండా పీల్చగలం. ఊపిరితిత్తుల లోపలి వైశాల్యం ఎంత పెద్దదంటే, అక్కడికి చేరిన నికోటిన్ 10 నుంచి 20 సెకన్లలో మెదడులో ఉంటుంది. నరానికి ఇంజెక్షన్ ఇచ్చినా ఇంతకంటే త్వరగా చేరదు. సిగరెట్ చుట్టకంటే మర్యాదస్తుడిలా కనిపిస్తుంది గానీ, ఆ మెత్తదనమే దాని అసలు ప్రమాదం.

ఇప్పుడు గమ్ము దగ్గరికి వద్దాం. అందులోనూ నికోటిన్ నోటి పొరల్లోంచే ఇంకాలి కాబట్టి, సున్నంలాగా పనిచేసే క్షారపదార్థం ఒకటి కలుపుతారు. మా డ్రైవరుగారు దాని మీద కాఫీ పోశారు. కాఫీ ఆమ్లగుణం ఉన్నది. కూల్‌డ్రింకులూ అంతే. ఆమ్లం తగలగానే నోటి పొర నికోటిన్‌ని రానివ్వదు, అది లాలాజలంతో పాటు కడుపులోకి పోతుంది. అక్కడి నుంచి కాలేయానికి చేరి, మెదడు ముఖం చూడకముందే చాలావరకు విరిగిపోతుంది. మిగిలేవి ఎక్కిళ్లు, గుండెల్లో మంట. పైగా ఆయన దాన్ని మామూలు చూయింగ్ గమ్ములా ఆపకుండా నమిలారు. నిదానంగా నాలుగు నములు నమిలి, కారం చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య దాచుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. దానికి పావుగంట ముందు నుంచీ కాఫీ, టీ ఏదీ వద్దు. ఇది చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. మొదటిసారి ఆ రెండు నిమిషాలు మిగుల్చుకుని నేను సాధించిందేమిటో తెలియదు.

"కానీ సార్, టెన్షన్ తగ్గాలంటే సిగరెట్టే" అన్నారు. ఈ మాట నేను వారానికి కనీసం పదిసార్లు వింటాను. అబద్ధం కాదు. కాకపోతే సగమే నిజం.

మెదడులో అసిటైల్‌కోలిన్ అనే రసాయనం కోసం కొన్ని తాళాలుంటాయి. నికోటిన్ ఆ తాళాలకు సరిపోయే దొంగ తాళంచెవి. అది తిరగగానే డోపమైన్ అనే ఇంకో రసాయనం విడుదలవుతుంది, హాయిగా ఉంటుంది. రోజూ ఇలా జరుగుతుంటే మెదడు తాళాల సంఖ్య పెంచుకుంటుంది. రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. అప్పుడు ఖాళీ పడిన తాళాలన్నీ గోల మొదలుపెడతాయి. చిరాకు, ఏ పని మీదా మనసు నిలవకపోవడం, ఎవరైనా పలకరిస్తే కసురుకోవడం. మనం దానికి టెన్షన్ అని పేరు పెట్టుకుంటాం. ట్రాఫిక్ వల్లనో బాసు వల్లనో అనుకుంటాం. సిగరెట్ వెలిగించగానే పోతుంది. అప్పిచ్చినవాడే రెండు గంటలకోసారి వచ్చి, వడ్డీ కట్టించుకుని, 'చూశావా, నీ బరువు దించాను' అన్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం. మానేసినవాళ్లను, మాననివాళ్లను పోల్చిన 26 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2014లో వచ్చింది. మానేసినవాళ్లలో కొన్ని వారాల తర్వాత ఆందోళన, దిగులు, ఒత్తిడి తగ్గాయే గానీ పెరగలేదు.

రాత్రంతా వడ్డీ కట్టం కాబట్టి పొద్దున్నే గోల ఎక్కువ. అందుకే ఎవరి అలవాటు ఎంత ముదిరిందో తెలుసుకోవడానికి, రోజుకెన్ని అని అడగడం కంటే లేచాక మొదటిది ఎప్పుడు అని అడగడం మేలు. స్వీడన్‌కు చెందిన కార్ల్ ఫాగర్‌స్ట్రామ్ పేరు మీద వాడే ప్రశ్నావళిలో, లేచిన 5 నిమిషాల్లోపు కాలిస్తే దానికి పూర్తి 3 మార్కులు. మా డ్రైవరుగారు తెల్లవారుజామున మూడున్నరకు లేస్తారు. పళ్లు తోముకోకముందే మొదటిది.

"రోజుకి రెండే సార్, అదీ సగం సగం" అనే కుర్రాళ్లు వేరే రకం. బెంగళూరులో మారతహళ్లి, బెల్లందూరు వైపు సాయంత్రం ఏ బేకరీ ముందు నిలబడినా మనవాళ్ల తెలుగే వినపడుతుంది. ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో విడి సిగరెట్టు. విడిగా అమ్మకూడదన్న నిబంధన కర్ణాటకలో ఉంది. అది నిబంధనగానే ఉంది. 2006లో మెదడు స్కాన్లతో చేసిన పరిశోధనలో, ఒకటి రెండు దమ్ములకే ఆ తాళాల్లో సగం నిండిపోయాయని తేలింది. కాబట్టి సగం సిగరెట్టంటే సగం వ్యసనం కాదు. 'లైట్స్' అనేవీ అంతే. ఫిల్టరు చుట్టూ సన్నటి బెజ్జాలుంటాయి, యంత్రం పీలిస్తే వాటిలోంచి గాలి కలిసి పొగ పలచబడుతుంది. మనిషికి తక్కువైతే ఇంకాస్త గట్టిగా లాగుతాడు, లేదా తెలియకుండానే వేళ్లతో ఆ బెజ్జాలు మూస్తాడు.

ఆ బేకరీ దగ్గర ఇంకోటి కూడా ఉంది. ఆఫీసులో ఎవరు వెళ్లిపోతున్నారు, ఎవరికి హైక్ వచ్చింది అన్నీ తెలిసేది అక్కడే. మానెయ్యమంటే ఆ గుంపును కూడా మానుకోమన్నట్టు. ఒక అబ్బాయికి "గుంపుతోనే వెళ్లండి, చేతిలో పల్లీల పొట్లం పట్టుకోండి" అని చెప్పాను. అప్పుడప్పుడే మానినవాళ్లకు ఇది మంచి సలహా కాదని తర్వాత అర్థమైంది. పొగ వాసన, టీ, ఆ వేళ, మూడూ కలిస్తే మెదడు పాత లెక్క బయటికి తీస్తుంది. మొదటి నెల దారి మార్చుకోవడమే నయం.

ఇక పట్టుదల గురించి. ఏ సాయమూ లేకుండా మానడానికి పూనుకున్న వంద మందిలో, ఏడాది తర్వాత కూడా మానేసి ఉండేవాళ్లు 3 నుంచి 5 మంది. డాక్టరు ఒక్క మాట చెబితే ఇంకో ఒకరో ముగ్గురో కలుస్తారు. నా అరనిమిషం సలహా విలువ అంత. ఈ అంకెలు చూశాక కూడా 'మనసుంటే మార్గముంటుంది' అని పేషెంటును సాగనంపడం నాకు అన్యాయంగా తోస్తుంది. మనసు లేక కాదు. 2016-17లో మన దేశంలో చేసిన పొగాకు సర్వేలో, పొగతాగేవాళ్లలో సగానికి పైగా మానాలని అనుకుంటున్నవాళ్లే.

సాయం అంటే ఏమిటి? నికోటిన్ ప్యాచ్ చర్మం గుండా రోజంతా సన్నగా అందిస్తుంది, గమ్ము ఉన్నట్టుండి వచ్చే యావను ఆపుతుంది. రెండూ కలిపి వాడితే ఒక్కదానికంటే మెరుగు. 'ఇదీ నికోటినే కదా' అని భయపడతారు. క్యాన్సర్ తెచ్చేది ముఖ్యంగా పొగలోని తారు. గుండెను దెబ్బతీసేదాంట్లో కార్బన్ మోనాక్సైడ్ వాటా పెద్దది. ఈ రెండూ గమ్ములో లేవు. పది సెకన్ల వేగం కూడా లేదు కాబట్టి దానికి బానిసలయ్యేవాళ్లు తక్కువ. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు మాత్రం డాక్టరును అడిగే వాడాలి. ప్యాచ్ గానీ గమ్ము గానీ ఒక్కటే వాడటం కంటే వరెనిక్లిన్ అనే మాత్ర బాగా పనిచేస్తుంది. అది తాళాన్ని సగమే తిప్పి అక్కడే కూర్చుంటుంది, యావ తగ్గుతుంది, పైన సిగరెట్ కాల్చినా మజా రాదు. దీని పూర్వీకురాలు సిటిసిన్, పసుపు పూలు పూసే ఒక చెట్టు గింజల్లోది. బల్గేరియాలో 1964 నుంచే దాన్ని సిగరెట్ మాన్పించడానికి అమ్ముతున్నారు. మిగతా ప్రపంచం చాలా ఆలస్యంగా కళ్లు తెరిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇవన్నీ ఉన్నాయి.

మా డ్రైవరుగారి జేబులోని పెట్టె తీయమన్నాను. దాని మీద 1800-11-2356 అని ఉంది. 2018 నుంచి అన్ని పొగాకు ప్యాకెట్ల మీదా వేస్తున్న ఉచిత సహాయ నంబరు అది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఉన్న కేంద్రంలో తెలుగులో కూడా మాట్లాడతారు. ఆయన పెట్టె మీది హెచ్చరిక బొమ్మ చూడలేక, పెట్టెను ఎప్పుడూ తిరగేసి పెట్టుకునేవారట. నంబరూ కనపడలేదు.

ఒక తేదీ అనుకున్నాం. ప్యాచ్, సరిగ్గా నమిలే గమ్ము. మూడో రోజు ఫోను చేసి "ప్యాసింజర్‌ని తిట్టబోయి ఆగాను సార్" అన్నారు. సరిగ్గా అప్పుడే ఇబ్బంది పతాకస్థాయిలో ఉంటుంది, ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతుంది. ఒక్కో యావ మాత్రం నాలుగైదు నిమిషాలే, సిల్క్‌బోర్డు సిగ్నల్లో ఆగినంత సేపు కూడా కాదు. మూడో వారం ఊళ్లో పెళ్లికి వెళ్లి రెండు కాల్చారు. దొంగలా తలవంచుకుని వచ్చారు. కొట్టేసిన మార్కులేం లేవు, నిన్న ఎక్కడున్నారో అక్కణ్ణుంచే మొదలన్నాను. ఆయన వయసు 42. నలభై ప్రాంతంలో మానేసినవాళ్లకు మాననివాళ్లకంటే సుమారు తొమ్మిదేళ్ల ఆయుష్షు ఎక్కువ దక్కుతుందని, బ్రిటన్ డాక్టర్ల మీద 50 ఏళ్లు సాగిన అధ్యయనం 2004లో లెక్కగట్టింది.

ఆరో వారం కొత్త ఫిర్యాదుతో వచ్చారు. గుండె దడ, చేతులు వణకడం, నిద్ర లేదు. "సిగరెట్ మానాకే ఇది సార్. మళ్లీ మొదలుపెడితే సర్దుకుంటుందేమో" అన్నారు. రోజుకి ఎన్ని కాఫీలని అడిగాను. ఎప్పటిలాగే ఆరు.

పొగలోని తారు, కాలేయంలో కెఫీన్‌ను విరగ్గొట్టే ఒక ఎంజైమును ఎగదోస్తుంది. పొగతాగేవాళ్లలో కెఫీన్ అందుకే త్వరగా కరిగిపోతుంది. సిగరెట్ ఆగిన కొద్ది రోజుల్లో ఎంజైము నెమ్మదిస్తుంది, అవే ఆరు కాఫీలకు రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపవుతుంది. కొన్ని మానసిక వ్యాధుల మందులకు, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్‌కు కూడా ఇదే గొడవ. మానేస్తున్న సంగతి డాక్టరుకు చెప్పాలి, మోతాదు మార్చాల్సి రావచ్చు.

"సిగరెట్ మానమన్నారు, మానాను. ఇప్పుడు కాఫీ కూడానా?" అన్నారు, ఈసారి నిజంగానే కోపంగా.

"మానక్కర్లేదు. బై-టూ చెప్పండి."

ఆయన కాసేపు ఆలోచించారు. "మిగతా సగం ఎవరికి సార్?"

పక్కనే కూర్చున్న వాళ్లావిడ, అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని మనిషి, "పన్నెండేళ్లుగా ఈ ఊళ్లో ఒక్కసారైనా నన్ను బయట కాఫీకి పిలిచావా?" అంది.