కొర్రబయలు వెళ్లే ముందు

అనకాపల్లి

చి. బుజ్జికి, చిన్నోడికి,

తాతయ్య ఆశీస్సులు. సంక్రాంతి సెలవుల్లో లంబసింగిలో డేరా వేసుకుని పడుకుంటారటగా, మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ ఊరికి ఇంకో పేరుంది, తెలుసా? కొర్రబయలు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరొచ్చిందంటారు. సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంది. జనవరిలో ఒక్కో తెల్లవారుజామున చలి సున్నా డిగ్రీల దాకా దిగుతుంది.

ఏది కొనాలో చెప్పమని చిన్నోడు పంపిన క్విల్టుల (డేరాలో కప్పుకునే తేలికపాటి రజాయిలు) ఫొటోలు నాలుగూ చూశాను. రంగుల సంగతి తర్వాత. ఏ దుప్పటీ వేడి పుట్టించదు నాన్నా, పొయ్యి మన ఒళ్లే. నా చిన్నప్పుడు మా వీధిలోకి దూదేకులవాళ్లు వచ్చేవారు. అణిగిపోయిన పరుపు విప్పి, ఆ దూదిని వింటితో టంగుటంగుమని ఏకితే చూస్తుండగానే పొంగేది. కొత్త దూది పిసరంత కలపకుండానే ఆ రాత్రికి పరుపు వెచ్చగా ఉండేది. పోగుల మధ్య చిక్కుకుని కదలకుండా నిలిచిన గాలి చేసే పని అది.

మరి మీ వీపు కింద నలిగిన దూదిలో గాలి ఎక్కడుంటుంది? అందుకే స్లీపింగ్ బ్యాగుకి పనికిరాని ఆ అడుగుభాగం తీసేసి క్విల్ట్ చేశారు. బరువు తగ్గింది, నేల చలిని ఆపే భారమంతా కింద పరుచుకునే మ్యాట్ మీద పడింది. ఓసారి అరకులో నేను మందపాటి రజాయి కప్పుకుని, కింద ఒట్టి టార్పాలిన్ పరుచుకుని పడుకున్నాను. పైన ఉక్క, కింద వణుకు! మీ నానమ్మ ఇప్పటికీ ఆ మాటెత్తి నవ్వుతుంది. కాబట్టి డబ్బు ముందు మ్యాట్ మీద పెట్టండి. దాని మీద ఆర్ వాల్యూ అనే అంకె ఉంటుంది, అది ఎంత పెద్దదైతే చలిని అంత బాగా ఆపుతుంది. మామూలు ఫోమ్ మ్యాట్‌కి 2 దగ్గర ఉంటుంది, మీకు 4 అయినా కావాలి. రెండు ఫోమ్ మ్యాట్‌లు ఒకదాని మీద ఒకటి పరిచినా సరే, ఆ అంకెలు కలుస్తాయి.

ఇక లోపలి సరుకు. డౌన్ అంటే బాతు ఈకల అడుగున ఉండే నూగు. ఫిల్ పవర్ 800 అంటే ఒక ఔన్సు నూగు పొంగి 800 ఘనపుటంగుళాలు నింపుతుందని. చాలా తేలిక, ధర మాత్రం తేలిక కాదు. పైగా తడిస్తే ముద్దైపోతుంది. లంబసింగి పొగమంచుకి తెల్లారేసరికి డేరా గుడ్డ లోపలివైపు కూడా చెమ్మ పడుతుంది. మీరు వెళ్లేది కారులో, బరువు మోసేది లేదు. సింథటిక్‌దే కొనండి, కాస్త తడిసినా పూర్తిగా చేతులెత్తేయదు. ఇంట్లో బొంత మాత్రం వద్దు. నూలు తేమ పీల్చుకుందంటే ఓ పట్టాన ఆరదు.

క్విల్ట్ లేబుల్ మీద కంఫర్ట్ (హాయిగా నిద్రపట్టే చలి), లిమిట్ (ఎలాగోలా తట్టుకునే చలి) అని రెండు డిగ్రీల అంకెలుంటే కంఫర్టే చూడండి. ఒక్క అంకే ఉంటే అది ఏదో దుకాణంలో అడగండి. సున్నా చలికి మైనస్ 5 రాసినది తీసుకుంటే నాకు ధైర్యం. బుజ్జి నిద్రలో గడియారం ముల్లులా తిరుగుతుంది కనుక తనకి వెడల్పుది, మ్యాట్‌కి కట్టుకునే పట్టీలున్నది కావాలి. కాళ్ల దగ్గర సంచిలా మూసి ఉండాలి. క్విల్ట్‌కి తలకప్పు ఉండదు, మంకీ క్యాప్ పెట్టుకోండి. ఫొటోల్లో బాగోదని తీసేయకండి! చేరగానే క్విల్ట్ సంచిలోంచి తీసి దులిపి పరిచెయ్యండి, పడుకునేలోగా పొంగుతుంది.

ఎంత చలేసినా బొగ్గుల కుంపటి డేరాలోకి తేవద్దు. దాని విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ మాట మీ నాన్నకి కూడా చదివి వినిపించండి.

గొర్రెల కాపరి దగ్గర కొన్న నా గొంగడి అటక మీద ఉంది. కాస్త గుచ్చుకుంటుంది గానీ మంచుకి జంకదు. వెళ్తూ ఇటు వస్తే దించి ఇస్తాను.

మీ తాతయ్య