లైగన్ స్ట్రీట్ మూల మీది ట్రేడ్స్ హాల్

మెల్‌బోర్న్‌లో పెరుగుతున్న మన పిల్లలకు,

మీరు పిజ్జా కోసం లైగన్ స్ట్రీట్‌కి వెళ్తుంటారు కదా, ఆ వీధి విక్టోరియా స్ట్రీట్‌తో కలిసే మూల మీద పెద్ద స్తంభాల పాత భవనం ఒకటి ఉంటుంది. అది ట్రేడ్స్ హాల్. కార్మిక సంఘాలు తమ కోసం కట్టుకున్నది. దాని సంగతి మీకు తెలియాలని నా కోరిక.

1856 ఏప్రిల్ 21న యూనివర్సిటీ భవనాలు కడుతున్న రాతిపనివాళ్లు పనిముట్లు కింద పెట్టేసి, దారిలో వేరే చోట్ల పనిచేస్తున్నవాళ్లని కూడా కలుపుకుంటూ పార్లమెంట్ దాకా ఊరేగింపుగా నడిచారు. అడిగింది ఒక్కటే, రోజుకి ఎనిమిది గంటలే పని, కూలి మాత్రం తగ్గకూడదు. సాధించారు! ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు మనకోసం, ఎనిమిది గంటలు విశ్రాంతి అన్నది వాళ్ల లెక్క. హాలుకి ఎదురుగా ఉన్న స్మారక స్తంభం మీద 888 అని కనిపించేది అదే.

నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి సంగతి. తీరిక దొరికితే చదువుకుంటాం, నాలుగు విషయాలు నేర్చుకుంటాం అని వాళ్లు ముందునుంచీ అంటూనే ఉన్నారు. మూడేళ్లకే, 1859లో, హాలు తెరిచారు. అప్పటికి అది తాత్కాలికంగా కట్టుకున్న చిన్నదే, కానీ దాని పేరులోనే 'లిటరరీ ఇన్‌స్టిట్యూట్' అని కూడా పెట్టుకున్నారు. పగలంతా రాళ్లు కొట్టి వచ్చినవాళ్లకి పుస్తకాలు, ఉపన్యాసాలు కావాలనిపించడం ఎంత గొప్ప విషయమో ఆలోచించండి.

ఇప్పుడు మీరు చూసే భవనం పని 1874లో మొదలైంది. జోసెఫ్ రీడ్ సంస్థ డిజైన్. డబ్బు సమకూరినప్పుడల్లా కొంత కొంత చేర్చుకుంటూ 1925 దాకా కట్టారు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. 1856 గెలుపు ముఖ్యంగా భవన నిర్మాణ పనివాళ్లది, అందరిదీ కాదు. బట్టలు కుట్టే ఆడవాళ్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు, కుట్టిన ముక్కకి ఇంత అని ఇచ్చే కొద్ది డబ్బుకే గంటల తరబడి కుట్టేవారు. 1882లో ఆ రేట్లు కూడా తగ్గించబోతే వాళ్లు సమ్మెకి దిగి, ఈ ట్రేడ్స్ హాల్ అండతోనే సొంత సంఘం పెట్టుకున్నారు. ఆస్ట్రేలియాలో ఆడవాళ్ల మొదటి సంఘాల్లో అదొకటి.

ఇప్పటికీ అక్కడ యూనియన్ ఆఫీసులు నడుస్తున్నాయి, కామెడీ ఫెస్టివల్ రోజుల్లో షోలు కూడా వేస్తారు. ఈసారి షోకి వెళ్తే కాస్త ముందుగా వెళ్లి లోపలి రాతి మెట్లు చూడండి, ఇన్నేళ్లు ఎక్కి దిగినవాళ్ల అడుగులకి అరిగిపోయి ఉంటాయి.

ప్రేమతో,
మీ తాతయ్య