కత్తి పట్టినవాళ్లు దూరం నుంచి కొట్టలేరా? అపోహలు - వాస్తవాలు

పాచికలతో కథ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు డీఎంగా (ఆట నడిపించే మనిషిగా) కూర్చున్నప్పుడు నేను తరచూ చూసేది ఇదే. శత్రువు రెక్కలు విప్పి పైకి లేస్తాడు. పాలడిన్ (కత్తి పట్టే యోధుడి పాత్ర) ఆడుతున్న మనిషి మొహం వాడిపోతుంది. "నా టర్న్ వదిలేయండి" అంటారు. పాత్ర వివరాలుండే షీట్‌లో చూస్తే మొదటి లెవెల్లో వచ్చిన అయిదు జావెలిన్లూ (విసిరే ఈటెలు) అలాగే ఉంటాయి.

కింది లెక్కలు అయిదో ఎడిషన్ 2014 రూల్స్‌వి. 2024లో మారినచోట చెబుతాను.

అపోహ: దూరం నుంచి కొట్టాలంటే డెక్స్టెరిటీ (చురుకుదనం స్కోరు) కావాల్సిందే.

విల్లుకైతే నిజమే. జావెలిన్, హ్యాండ్‌యాక్స్, స్పియర్ మాత్రం విసిరినా మెలీ (దగ్గరి పోరు) ఆయుధాలే. అటాక్‌కీ డ్యామేజ్‌కీ స్ట్రెంగ్త్ (బలం) బోనసే కలుస్తుంది. (ఇలాంటిదే మరో ఆట పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ ఆడేవాళ్లు జాగ్రత్త, అక్కడ విసురుకు డెక్స్టెరిటీ, డ్యామేజ్‌కు స్ట్రెంగ్త్.)

అపోహ: జావెలిన్ 30 అడుగులే పోతుంది, లాంగ్‌బో 150 పోతుంది, కాబట్టి విల్లే మేలు.

లెక్క వేసి చూద్దాం. అయిదో లెవెల్, స్ట్రెంగ్త్ 18, డెక్స్టెరిటీ 10, శత్రువు ఆర్మర్ క్లాస్ (పాచిక, బోనస్ కలిపి అందుకోవాల్సిన అంకె) 15 అనుకోండి. జావెలిన్‌కు +7 బోనస్ ఉంటుంది. డీ20 (20 ముఖాల పాచిక) మీద 8 పడితే చాలు, అంటే 65 శాతం. తగిలితే సగటు డ్యామేజ్ 7.5. విల్లుకు +3 మాత్రమే. 12 పడాలి, అంటే 45 శాతం. తగిలితే సగటు 4.5. క్రిటికల్స్ (20 పడితే వచ్చే అదనపు డ్యామేజ్) పక్కన పెడితే ఒక్కో జావెలిన్‌కు సుమారు 4.9, ఒక్కో బాణానికి 2. జావెలిన్ 30 దగ్గర ఆగిపోదు కూడా, 120 అడుగుల వరకు డిసడ్వాంటేజ్‌తో (రెండు పాచికలు వేసి తక్కువది తీసుకుని) విసరొచ్చు. అప్పుడూ 3.2 దాకా వస్తుంది.

ఇందులో ఓ మెలిక ఉంది. అయిదో లెవెల్లో ఎక్స్‌ట్రా అటాక్ (టర్న్‌లో రెండో దెబ్బ) వస్తుంది. బాణం తీయడం అటాక్‌లోనే భాగం కనుక రెండూ వదలొచ్చు. జావెలిన్ తీయడానికి మాత్రం టర్న్‌కు ఒక్క ఫ్రీ ఇంటరాక్షనే (ఖర్చు లేకుండా వస్తువు తీసే అవకాశం) ఉంటుంది. రెండు బాణాలకు 4, ఒక్క జావెలిన్‌కు దగ్గర్లో 4.9, దూరంలో 3.2. కాబట్టి 30 అడుగుల లోపు జావెలిన్, అది దాటితే విల్లు. 2020లో వచ్చిన త్రోన్ వెపన్ ఫైటింగ్ స్టైల్ ఉంటే ఈ బాధ లేదు, పైగా డ్యామేజ్‌కు +2. 2024 రూల్స్‌లో విసిరే ఆయుధం తీయడం అందరికీ అటాక్‌లో భాగమే. నన్నడిగితే మొదటి నుంచీ అలాగే ఉండాల్సింది.

అపోహ: బార్బేరియన్ (ఆవేశంతో పోరాడే పాత్ర) విసిరినా రేజ్ (ఆవేశం) బోనస్ కలుస్తుంది.

2014లో కలవదు. ఆయుధం మెలీదే అయినా విసిరితే అది రేంజ్డ్ అటాక్. రేజ్ డ్యామేజ్, రెక్‌లెస్ అటాక్ (తెగించి కొట్టే పద్ధతి) రెండూ మెలీ అటాక్‌కే. శత్రువు అయిదు అడుగుల్లో ఉండగా విసిరితే డిసడ్వాంటేజ్ పడేదీ అందుకే. 2024లో మాత్రం స్ట్రెంగ్త్‌తో విసిరితే రేజ్ కలుస్తుంది.

అపోహ: ఏమీ లేకపోతే గ్రేట్‌స్వోర్డే (రెండు చేతుల పెద్ద కత్తి) విసిరేయొచ్చు.

విసరొచ్చు, కానీ డ్యామేజ్ ఒక డీ4 (నాలుగు ముఖాల పాచిక) మాత్రమే. తర్వాత కత్తి కోసం మీరే పరుగెత్తాలి.

అపోహ: ఎగిరే శత్రువును ఆర్చర్లకు వదిలేయడమే.

ఎగురుతున్నవాణ్ని ప్రోన్ చేస్తే (పడగొడితే), గాల్లో నిలకడగా తేలే రకం కాకపోతే, కింద పడతాడు. పది అడుగులకు ఒక డీ6 డ్యామేజ్. బ్యాటిల్ మాస్టర్ రకం ఫైటర్ వాడే ట్రిప్ అటాక్ (తగిలినవాణ్ని పడగొట్టే ఎత్తు) విసిరిన జావెలిన్‌కూ పనిచేస్తుంది. శత్రువు లార్జ్ సైజు మించకూడదు, స్ట్రెంగ్త్ సేవ్ (తప్పించుకోవడానికి శత్రువు వేసే పాచిక) తప్పాలి. గ్రేట్‌స్వోర్డ్ పట్టడానికి ఒక చెయ్యి చాలు, రెండు చేతులూ కావాల్సింది కొట్టేటప్పుడే. అందుకని కత్తి ఎడమ చేతికి మార్చి, కుడిచేత్తో జావెలిన్ తీసి, 30 అడుగుల ఎత్తున ఉన్నవాడి మీదికి మొదటి అటాక్‌గా విసరండి. సేవ్ తప్పితే మూడు డీ6 డ్యామేజ్‌తో నేల మీద పడతాడు. నడిచి పక్కకు వెళ్లండి. రెండో అటాక్ ఇంకా మిగిలే ఉంది, గ్రేట్‌స్వోర్డ్‌తో, అదీ అడ్వాంటేజ్‌తో (రెండు పాచికలు వేసి ఎక్కువది తీసుకుని).