దీక్షా శిబిరం, వాట్సాప్ గ్రూపు: అపోహలు - వాస్తవాలు

రొయ్యల చెరువుల నీరు తాగునీటి కాలువలో కలుస్తోందంటూ భీమవరం వైపు ఒక ఊరి ఆడవాళ్లు రిలే నిరాహార దీక్షకు కూర్చున్నప్పుడు, ఫోన్ల భద్రత గురించి చెప్పడానికి నన్ను పిలిచారు. అక్కడ విన్న మాటనే ఆచంటలోనూ, అమలాపురంలోనూ వింటున్నాను: "వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉంది కదండీ, మన మాట బయటికి పోదు."

ఈ నమ్మకం చేసినంత నష్టం మరేదీ చేయలేదు. ఎన్‌క్రిప్షన్ (మధ్యలో ఎవరూ చదవలేకుండా సందేశాన్ని సంకేతంగా మార్చడం) కాపాడేది సందేశం ఒక ఫోను నుంచి మరో ఫోనుకు చేరే దారిని మాత్రమే; చేరాక ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి పంచితే అది ఆపలేదు. పైగా గ్రూపులో ప్రతి ఒక్కరి నంబరూ మిగిలిన వారందరికీ కనిపిస్తుంది. ఆ దీక్ష గ్రూపులో చేరే లింకును ఎవరో ఊరి గ్రూపులో పెట్టారు. మూడో రోజుకల్లా, శిబిరంలో మైకు పట్టుకొని మాట్లాడిన ఒకావిడ డీపీ, నంబరు ఒక బూతు వాక్యంతో కలిసి పక్క మండలాల దాకా పాకిపోయాయి. రాత్రి పదకొండు దాటినా ఫోన్లు ఆగేవి కావట. "మా అబ్బాయి ఎత్తితే ఏం వింటాడోనని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేస్తున్నానండీ" అన్నారామె. తప్పు ఆమెది కాదని నమ్మించడానికే నాకు ఆ పూటంతా పట్టింది.

శిబిరం వేళలు తెలపడానికి బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి. అందులో ఒకరి నంబరు ఇంకొకరికి కనిపించదు, అయితే మీ నంబరు సేవ్ చేసుకున్నవారికే సందేశం చేరుతుంది. నిర్ణయాలు తీసుకునే గ్రూపులో ముఖపరిచయం ఉన్న కొద్దిమందే ఉండాలి, డీపీ మీ కాంటాక్టులకే కనిపించాలి. టెలిగ్రామ్‌కు మారితే చాలన్నది మరో అపోహ. పంపినవారూ అందుకున్నవారూ తప్ప మరెవరూ చదవలేని ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ అక్కడి గ్రూపులకు లేనే లేదు.

నెట్ ఆపేసినా వీపీఎన్ (మన నెట్ వాడకాన్ని వేరే సర్వరు మీదుగా నడిపే యాప్) పనిచేస్తుందన్నది ఒట్టి పుకారు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తరువాత కోనసీమలో నెట్ ఆపినప్పుడు కూడా ఇదే ప్రచారం నా దాకా వచ్చింది. కొన్ని సైట్లను మాత్రమే అడ్డుకున్నప్పుడు వీపీఎన్ అక్కరకు రావచ్చు గాని, అది నడవడానికే నెట్ కావాలి. నెట్ ఆగినప్పుడు మిగిలే ఎస్సెమ్మెస్‌కు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉండదు కాబట్టి పేర్లు, చిరునామాలు అందులో రాయకండి. నెట్ నిలుపుదల ఉత్తర్వులను ప్రచురించి తీరాలని, నిరవధికంగా ఆపడం చెల్లదని 2020 జనవరి 10న, కశ్మీర్‌లో నెట్ ఆపడంపై పత్రికా సంపాదకురాలు అనురాధా భసీన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఉత్తర్వు చూపమని అడగడం నేరమేమీ కాదు.

బెదిరింపు మెసేజీలను తుడిచేస్తే పీడ పోతుందనుకోవద్దు, పోయేది సాక్ష్యం. శిబిరంలో మైకు పట్టుకొన్న ఆవిడ కూడా సగం తుడిచేశారు. మిగిలినవాటిని నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయించి, వచ్చిన ప్రతి కాల్ సమయాన్నీ కొడుకు లెక్కల నోటుపుస్తకం వెనక పేజీల్లో రాయించాను. ఒక స్టేషన్లో తమ పరిధి కాదన్నారు. పరిధితో నిమిత్తం లేకుండా ఫిర్యాదు నమోదు చేయాలనే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ను చూపాక, వద్దన్నా వెంటపడడాన్ని నేరంగా చెప్పే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద కేసు కట్టారు. ఆ నోటుపుస్తకం పేజీల జిరాక్సులను ఫిర్యాదుకు జత చేశాం.