కడపలో కాలినడక, సైకిలు: అపోహలు - వాస్తవాలు

ఏడురోడ్ల కూడలిలో ఒక పొద్దున వాహనాల లెక్క తీస్తూ నిలబడి ఉన్నాను. చేతిసంచీ పట్టుకున్న ఒక అవ్వ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "నాయనా, రోంత ఆ పక్కకు దాటించు" అంది. దాటించి వెనక్కి వచ్చి కాగితం చూసుకున్నాను. కారుకు, ఆటోకు, బస్సుకు, లారీకి, టూవీలర్‌కు తలా ఒక గడి ఉంది. ఆ అవ్వకు మాత్రం గడి లేదు. ఊళ్ల రోడ్లకు డిజైన్లు వేయడం నా వృత్తి. ఆ రోజు నుంచి నా కాగితంలో మొదటి గడి నడిచేవాళ్లది, రెండోది సైకిళ్లది.

మీటింగుల్లో, టీ కొట్ల దగ్గర ఈ విషయం మీద పదేపదే వినే మాటలు కొన్ని ఉన్నాయి. అనేవాళ్లు ఊరు బాగుపడాలనే అంటారు. కానీ ఆ మాటలను నమ్మి కట్టిన రోడ్ల మీద మనుషుల ప్రాణాలు పోతున్నాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32 వేల మందికి పైగా నడుచుకుంటూ వెళ్తున్నవాళ్లే. అందుకే ఈ మాటలను ఒక్కొక్కటిగా విప్పి చూడాలనిపించింది.

అపోహ: "ఇప్పుడు నడిచేదెవరు సార్, ఇంటికో బండి ఉంది."

బండి ఉన్న ఇంట్లో కూడా అది ఒక్కరి చేతిలోనే ఉంటుంది. మిగతావాళ్లు నడుస్తారు, లేదా ఆటో దాకా నడుస్తారు. 2011 జనాభా లెక్కల్లో, పొలం పనులూ ఇంటిపట్టున చేసే పనులూ కాక వేరే పనులు చేసేవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి 22 మందికి పైగా నడిచి, 13 మంది దాకా సైకిల్ మీద పనికి వెళ్తున్నట్టు తేలింది. బడి పిల్లలు, సంతకు పోయే ఆడవాళ్లు ఆ లెక్కలో లేనే లేరు. వైవీ స్ట్రీట్‌లో చీర కొనేవాళ్లు ఎలా వచ్చినా, కొనేది మాత్రం నడిచే కదా.

అపోహ: "రోడ్డు వెడల్పు చేస్తే అన్నీ సర్దుకుంటాయి."

నేను ఎక్కువగా వాదించేది ఈ మాట మీదే. వెడల్పు చేసిన రోడ్డు మీద రెండు సంగతులు జరుగుతాయి. అంచుల్లో బండ్లు నిలుపుతారు, మధ్యలో వేగం పెరుగుతుంది. దాటేవాళ్ల పరిస్థితి ఏమిటో లెక్క వేద్దాం. డిజైన్లలో మనిషి నడక సెకనుకు 1.2 మీటర్లు అనుకుంటాం. 7 మీటర్ల రోడ్డు దాటడానికి 6 సెకన్లు పడుతుంది. 21 మీటర్లకు 17, 18 సెకన్లు. మోకాళ్ల నొప్పులున్న అవ్వ సెకనుకు 0.8 మీటర్లు నడుస్తుందనుకుంటే 26 సెకన్లు. ఆ 26 సెకన్లలో 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ 360 మీటర్లు వచ్చేస్తుంది. అంటే మొదటి అడుగు వేసేటప్పుడే 360 మీటర్ల అవతల ఉన్న లారీని ఆమె చూసి అంచనా వేయాలి. చూపు బాగున్న కుర్రవాడికే అది కష్టం.

దీనికి మందు మరింత వెడల్పు కాదు. రోడ్డు మధ్యలో మనిషి నిలబడగలిగేంత, అంటే 2 మీటర్ల దిమ్మె కట్టాలి. అప్పుడు అవ్వ ఒక పక్క వచ్చే బండ్లనే చూసి సగం దాటుతుంది, ఆగుతుంది, తర్వాత రెండో సగం. కూడలి మూలల్లో ఫుట్‌పాత్‌ను కాస్త ముందుకు జరిపితే దాటాల్సిన దూరం ఇంకా తగ్గుతుంది, మలుపు తిరిగే బండి కూడా నెమ్మదిస్తుంది. ముందు సిమెంటు ఖర్చు కూడా అక్కర్లేదు. ఇసుక బస్తాలు, ప్లాస్టిక్ కోన్లు పెట్టి రెండు వారాలు చూడవచ్చు. ఎక్కడ ఇబ్బంది వస్తుందో చూసి, సరిచేసి, అప్పుడు కట్టవచ్చు.

అపోహ: "ఊళ్లో యాభై వేగం ఏమంత ఎక్కువ కాదు."

15 మీటర్ల ముందు ఒక పిల్లాడు బంతి కోసం రోడ్డు మీదకు వచ్చాడనుకోండి. 30 మీద వస్తున్న బండి, డ్రైవరు తేరుకోవడానికి ఒక సెకను పోయినా, 13, 14 మీటర్లలో ఆగిపోతుంది. 50 మీద వస్తున్న బండి ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. అంటే బ్రేకు పనిచేయడం మొదలయ్యేసరికే పిల్లాడికి తగులుతుంది. బండి అదే, డ్రైవరు అదే, రోడ్డు అదే. ఒక ఇంట్లో ఆ సాయంత్రం పిల్లాడికి తిట్లు పడతాయి, ఇంకో ఇంట్లో పిల్లాడే ఉండడు. 2020లో స్టాక్‌హోంలో చాలా దేశాలు కూడి చేసిన ప్రకటన కూడా మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట 30 కిలోమీటర్లే గరిష్ఠ వేగంగా ఉండాలని కోరింది. బడుల ముందు, ఆస్పత్రుల ముందు, బజారు వీధుల్లో ఇంతకు మించిన వేగం ఎందుకు కావాలో నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేకపోయారు.

అపోహ: "రెండు స్పీడ్ బ్రేకర్లు వేస్తే సరిపోతుంది."

సరిగ్గా వేస్తే పనికొస్తుంది. దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది. మన వీధుల్లో రాత్రికి రాత్రి వెలిసేది మాత్రం రెండు జానల వెడల్పున్న దిబ్బ. దాని మీద నడుము విరిగేది వెనక కూర్చున్న గర్భిణికి. దిబ్బ కనబడక జారిపడేది టూవీలర్. జీబ్రా గీతలున్న చోట రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి, రెండు వైపులా వాలు ఇస్తే బండి నెమ్మదిస్తుంది, అవ్వ దిగకుండా ఎక్కకుండా దాటుతుంది. నా ఓటు దానికే.

అపోహ: "ఫుట్ ఓవర్ బ్రిడ్జి కడితే జనం దాని మీద పోతారు. పోకపోతే తప్పు జనానిదే."

వంతెన కింద వాహనాలకు 5.5 మీటర్ల ఎత్తు వదలాలి. పైన దాని మందం కలిపితే 6 మీటర్లు. 15 సెంటీమీటర్ల మెట్టు చొప్పున 40 మెట్లు ఎక్కాలి, 40 దిగాలి. కూరగాయల సంచీతో, చంకన బిడ్డతో ఎవరు ఎక్కుతారు? జనం ఎక్కడ దాటుతున్నారో ముందు నేల మీద చూడాలి. డివైడర్‌లో చెట్లు తొక్కుడుపడి సందు ఏర్పడిన చోటే వాళ్లకు అవసరమైన దారి. అక్కడ కంచె వేయడం కాదు, అక్కడే జీబ్రా గీతలు, దిమ్మె, దీపం పెట్టాలి.

అపోహ: "ఫుట్‌పాత్ కట్టినా ఎవరూ నడవరు, తోపుడు బండ్లు ఆక్రమిస్తాయి."

జనం ఫుట్‌పాత్ మీద ఎందుకు నడవడం లేదో తెలుసుకోవాలంటే దాని మీద ఒక కిలోమీటరు నడవాలి. నేను చాలామంది అధికారులను అలా నడిపించాను. మన దగ్గర ఫుట్‌పాత్ అంటే డ్రైనేజీ కాలువ మీద మూత. కడప బండలు మనకు చవక, గట్టివి కూడా. కానీ పలచటి బండ మీదకు బైకు ఎక్కితే పగులుతుంది. పగిలిన చోట నడిచేవాళ్ల కాలు దిగబడుతుంది. పైగా నున్నగా పాలిష్ పట్టిన బండ వాన పడితే జారుతుంది. అదే బండను గరుకు ముఖం పైకి ఉంచి, కింద కాంక్రీటు పలక వేసి పరిస్తే తరాలు నిలుస్తుంది. రాయి మనది, వాడే పద్ధతి మార్చుకోవాలి.

ఎత్తు సంగతి ఇంకొకటి. పాత తారు గీకకుండా దాని మీదే కొత్త తారు వేస్తూ పోవడంతో రోడ్డు పైకి లేస్తుంది. వాన నీళ్లు కొట్లలోకి వస్తాయి. కొట్టాయన గడప లేపుతాడు, మెట్లు ఫుట్‌పాత్ మీదకు వస్తాయి. పక్క కొట్టాయన బైకు కోసం ర్యాంపు కడతాడు. ఇక ప్రతి పది అడుగులకూ ఎక్కడం, దిగడం. ఇంత కష్టపడే బదులు రోడ్డు మీద నడవడమే నయమనుకుంటారు మనుషులు, అది వాళ్ల తప్పు కాదు.

తోపుడు బండ్ల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అరటిపండ్లమ్మే ఆమెను తరిమితే ఆ చోటు నడిచేవాళ్లకు దక్కదు, అక్కడ రెండు బైకులు నిలుస్తాయి. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లను సర్వే చేసి, గుర్తింపు ఇచ్చి, చోటు చూపించాలని చెబుతోంది. ఆ నిర్ణయాలు తీసుకునే కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. నడవడానికి 1.8 మీటర్లు, బజార్లలో 2.5 మీటర్లు ఖాళీగా వదిలి, చెట్లూ స్తంభాలూ ఉండే వరుసలోనే బండ్లకు చోటు గీయవచ్చు. రాత్రి తొమ్మిదింటికి డ్యూటీ దిగి నడిచి ఇంటికి పోయే నర్సును అడగండి. బండ్లున్న వీధి కావాలా, ఖాళీ వీధి కావాలా అని. ఆమె చెప్పే జవాబు నాకు తెలుసు.

అపోహ: "మన ఎండలకు సైకిలా?"

మే నెల మధ్యాహ్నం ఎవరూ తొక్కరు, తొక్కనక్కర్లేదు. బడి వేళలు, పని వేళలు పొద్దున, సాయంత్రం. స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. 2006 తర్వాత నాలుగైదేళ్లలో వంద కిలోమీటర్లకు పైగా సైకిల్ దారులు, ఒకదానితో ఒకటి కలిసేలా వేశారు. సైకిళ్లు ఎన్నో రెట్లు పెరిగాయి. కలిసేలా అన్నదే ముఖ్యం. ఒక కిలోమీటరు పచ్చరంగు దారి వేసి, చివర లారీల మధ్యకు వదిలేస్తే ఏ తల్లీ పిల్లను పంపదు.

మనకు ఎండకన్నా పెద్ద సమస్య నీడ లేకపోవడం. మొక్కలన్నీ డివైడర్‌లో నాటుతున్నాం, ఆ నీడలో నడిచేవాళ్లు ఎవరూ లేరు. ఉత్తర దక్షిణాలుగా పోయే వీధిలో మధ్యాహ్నం దాటాక పడమటి వైపు ఫుట్‌పాత్‌కు ఇళ్ల నీడ ఉంటుంది, తూర్పు వైపు మాడిపోతుంది. కాబట్టి తూర్పు వైపు ఫుట్‌పాత్ అంచున ముందు చెట్లు పెట్టాలి, వేప గానీ కానుగ గానీ. ఊళ్లో పారే బుగ్గవంక గట్టు వెంట అలాంటి నీడ దారి ఒకటి ఉంటే, పెద్ద రోడ్డు ఎక్కకుండా ఎంతమంది పిల్లలు తిరగగలరో తలుచుకుంటే నాకు మనసు ఆగదు.

అపోహ: "సైకిల్ దారులకు కోట్లు కావాలి."

వేగం 30 లోపు ఉన్న వీధిలో వేరే దారే అక్కర్లేదు. పెద్ద రోడ్ల మీదే కావాలి. 'బడికొస్తా' పథకం కింద ప్రభుత్వం ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది. ఆ సైకిలు బడి దాకా భయం లేకుండా పోయే దారి ఇవ్వడం మిగిలిన సగం పని.

అపోహ: "ఇవన్నీ అడిగే హక్కు మనకెక్కడిది?"

ఉంది. ఆటంకాలు లేని ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. డిజైన్ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ప్రాణం పోయినా, అవిటితనం వచ్చినా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చని 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 198-ఎ సెక్షన్ చెబుతోంది.

అడిగేటప్పుడు కొలతతో అడగండి. ఒక టేపు తీసుకుని మీ బడి ముందున్న ఫుట్‌పాత్ కొలవండి. ఖాళీ వెడల్పు 1.8 మీటర్లు ఉందా, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటిందా, జీబ్రా గీతల దగ్గర వాలు ఉందా. టేపు కనబడేలా ఫొటో తీసి, ఆ కొలతలు అర్జీలో రాసి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో ఇవ్వండి. రసీదు నంబరు దాచుకోండి. మళ్లీ అడగడానికి అది కావాలి.