‘ఫాంట్ మార్చి ఇయ్యి’ అంటే అయిపోతుందా? డిజైన్ మీద అపోహలు, వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో బీఎఫ్ఏ అప్లయిడ్ ఆర్ట్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సెలవులొస్తే నల్లగొండలో, గడియారం సెంటర్ దగ్గర మా బాబాయి ఫ్లెక్స్ షాపులో కూర్చుంటాను. కాలేజీలో టైపోగ్రఫీ అంటారు, షాపులో ‘అక్షరాలు జర దొడ్డుగ పెట్టు’ అంటారు. రెండు చోట్లా పదేపదే వినపడే మాటలు కొన్ని ఇవి. సగం నేనూ మొదటి ఏడాది నమ్మినవే.

అపోహ: తెలుగులో మంచి ఫాంట్లు లేవు, ఉన్నవాటిలో ఏది పెట్టినా ఒకటే

గూగుల్ ఫాంట్స్ తెరిచి చూడండి. రామభద్ర, మండలి, గిడుగు, తిమ్మన, బలూ తమ్ముడు, అనేక్ తెలుగు... అన్నీ ఉచితం. ఇక ‘ఏది పెట్టినా ఒకటే’ అన్నదానికి నా దగ్గర ఒక ఫ్లెక్స్ కథ ఉంది. పోయినేడు చెర్వుగట్టు జాతరకని ఒకాయన ‘రథోత్సవం’ అని రాయించుకున్నాడు. లావుగా కనపడాలని అక్షరాల చుట్టూ స్ట్రోక్ (అంచు గీత) కూడా ఇచ్చాను. స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంది. కట్టిన తర్వాత రోడ్డు అవతలి నుంచి చూస్తే ‘రధోత్సవం’. థ కడుపులో చుక్క పూడిపోయింది.

మన లిపిలో తేడాలన్నీ ఇట్లాంటి చిన్న చోట్లలోనే ఉంటాయి. ర కడుపులో చుక్క పెడితే ఠ. ప నోరు మూసుకుపోతే వ లాగా కనిపిస్తుంది. బలవంతంగా లావు చేస్తే ముందు పోయేవి ఈ ఖాళీలే. అప్పటి నుంచి ఏ పేరైనా ఏ-ఫోర్ కాగితం మీద ప్రింట్ తీసి, ఎదుటి షాపు షట్టరుకు అంటించి, ఇవతలి మెట్ల మీద నిలబడి చదువుతాను. ఒకసారి మామూలుగా, ఒకసారి కళ్ళు సగం మూసి. బాబాయి నవ్వుతాడు గానీ ఆపమని ఇంతవరకు అనలేదు.

వరుసల మధ్య ఎడం కూడా ఇదే బాపతు. కింద ఒత్తులు వేలాడతాయి, కింది వరుసలో గుడులు పైకి లేస్తాయి, రెండూ కొట్టుకుంటాయి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే ఎడం ఇంగ్లిష్‌కు సరిపోయేంతే. నేను 12 పాయింట్ల అక్షరానికి 18 ఇస్తాను, శుభలేఖల్లో అయితే 20.

అపోహ: వేరే షాపులో కొట్టించిన మ్యాటర్ కాపీ పేస్ట్ చేస్తే చాలు

చేస్తే డాలర్ గుర్తులు, బ్రాకెట్లు వస్తాయి. ‘మీ సిస్టమ్ ఖరాబైంది’ అని నామీద గయ్యిమంటారు. మన దగ్గర డీటీపీ పని చాలావరకు అను ఫాంట్లలో నడుస్తుంది. అందులో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన గదుల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టారు. ఆ ఫాంట్ లేని చోట గదుల అసలు ఓనర్లు బయటికి వస్తారు. యూనికోడ్‌లో (ప్రతి లిపికీ వేరే గదులిచ్చే పద్ధతి ఇది) తెలుగుకు సొంతంగా 128 గదులున్నాయి, కాబట్టి ఫోన్లో టైప్ చేసిన మ్యాటర్ ఎక్కడికి పోయినా తెలుగుగానే ఉంటుంది. అయితే అక్షరాలను అతికించే పని సాఫ్ట్‌వేర్ చేయాలి. ఇలస్ట్రేటర్‌లో ఒత్తులు విడిపోయి పొల్లు కనపడుతుంటే ప్రిఫరెన్సెస్‌లోకి పోయి, టైప్ అన్నచోట ఇండిక్ ఆప్షన్స్ ఆన్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోండి. ఈ ఒక్క ముక్క తెలియక నేను ఒక అసైన్‌మెంట్ మొత్తం పెన్ టూల్‌తో గీసుకున్నాను.

అపోహ: ఏదైనా 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఉండాల్సిందే

చేతిలో పట్టుకుని చూసే శుభలేఖకు, విజిటింగ్ కార్డుకు నిజమే. 10 అడుగులు, 8 అడుగుల ఫ్లెక్స్‌ను 300తో చేస్తే 36,000 పిక్సెళ్ళు అడ్డం, 28,800 నిలువు, మొత్తం 103 కోట్ల పైమాట. సిస్టమ్ మొరాయిస్తుంది. దూరం నుంచి చూసేదానికి 72 నుంచి 100 చాలు. అంతకంటే ముఖ్యం, ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపడం. మామూలుగా పంపితే అది ఫొటోను కుదించేస్తుంది.

‘ఫోన్లో ఉన్న రంగే రావాలె’ అనేవాళ్ళకు ఒక్క మాట: ఫోన్‌ది వెలుతురు, మాది సిరా. ఆ మెరిసే చిలకపచ్చ ప్రింట్‌లో కొంత డల్ అయితీరుతుంది.

అపోహ: బొమ్మ వేయడం పుట్టుకతో రావాలి, ఊళ్ళ నుంచి వచ్చినోళ్ళకు ఈ లైన్ కాదు

తెలంగాణ రాజముద్రను గీసిన ఏలె లక్ష్మణ్ ఉమ్మడి నల్లగొండ జిల్లా కదిరేనిగూడెం ఆయన. ఇంతకంటే వాదించను.

పుట్టుక సంగతి మాత్రం కొంచెం చెప్పాలి. మా అమ్మమ్మ వాళ్ళది పుట్టపాక, తేలియా రుమాలు నేసే ఊరు. తాతయ్య తనను ఆర్టిస్ట్ అని ఎప్పుడూ అనుకోలేదు. గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ రంగు నింపేవాడు, ఆ లెక్కనే, రంగు ఎక్కకూడని చోట దారాలకు చిటికి (గట్టి కట్టు) కట్టేవాళ్ళు. రెండో ఏడాదిలో ఆయన గ్రాఫ్ పుస్తకం తెచ్చుకుని అందులో తెలుగు అక్షరాలు గీయబోయాను. ఇంగ్లిష్ అక్షరం 5 గడులు అడ్డం, 7 నిలువులో ఇరికిపోతుంది. నేను 16 వరుసలు తీసుకున్నా ‘క్ష్మి’ దగ్గర గడులు అయిపోయాయి. చివరికి 22 పట్టాయి. అప్పటికీ వంపులన్నీ మెట్లమెట్లుగా ఉన్నాయి. తాతయ్య పాత రుమాలు పక్కన పెట్టుకుని చూస్తే అర్థమైంది. గ్రాఫ్‌లో ఆయనవీ మెట్లే. కట్టు కిందికి రంగు కొంచెం పాకడం వల్ల బట్ట మీద ఆ మెట్లు కరిగిపోయాయి. నేనూ అంచు గడులకు సగం రంగే వేశాను. వంపు తిరిగింది.

అపోహ: యానిమేషన్ అంటే సాఫ్ట్‌వేర్, బటన్ నొక్కితే కదులుతుంది

కదులుతుంది. ఎట్లా కదులుతుందన్నదే పేచీ. ‘లక్ష్మి’ అనే మాట అక్షరం తర్వాత అక్షరం ఎగిరొచ్చి కూర్చునేలా చేయబోయాను. మన కంటికి అవి రెండు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం ఏడు. అన్నీ వచ్చి కూర్చున్నాక గుడి ఒంటరిగా గాల్లో తేలుతూ వచ్చింది. క్లాసంతా నవ్వింది. తర్వాత మాటను ముందే అవుట్‌లైన్లుగా (అక్షరాలు కాదు, వట్టి ఆకారాలుగా) మార్చి, ఏ ముక్క ఏ ముక్కతో కలిసి రావాలో చేత్తో గుంపులు కట్టుకున్నాను.

బొమ్మల విషయంలో ఇంకా తిప్పలు పడ్డాను. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు ఉంచితే 12 బొమ్మలు. ఈ లెక్క ఎవరైనా చెబుతారు. సెమిస్టర్ ప్రాజెక్టుకు అమ్మమ్మ ఆసు పోయడం (నేతకు ముందు దారం చుట్టే పని) తీసుకున్నాను. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారం తిప్పడానికి ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ పోవాలి. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేసింది వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేకే. లూప్ చేయడానికి ఇంతకంటే మంచి కదలిక ఏముంటుంది అనుకున్నాను. ఒక చుట్టుకు 14 బొమ్మలు, సమాన దూరంలో గీసి తిప్పాను. బస్సు అద్దం మీద వైపర్ లాగా వచ్చింది.

అమ్మమ్మకు ఫోన్లో చూపిస్తే, “గట్ల చెయ్యి ఒక్కటే పోతదా బిడ్డా? ముందుగాల నడుం ఒంగుతది, ఎన్క భుజం, గప్పుడు చెయ్యి. మేకు కాడ జర ఆగుతది” అని లేచి కూర్చుని చేసి చూపించింది. యంత్రం వచ్చి ఏళ్ళయినా ఆమె చెయ్యి మరిచిపోలేదు. మా సార్ మూడు క్లాసుల్లో ఈజ్ ఇన్, ఈజ్ అవుట్ అని చెప్పింది ఇదే. మేకుల దగ్గర బొమ్మలు దగ్గరదగ్గరగా, మధ్యలో దూరదూరంగా గీయాలి. చెయ్యి కంటే రెండు బొమ్మల ముందు భుజం బయలుదేరాలి. పధ్నాలుగూ చించేసి మళ్ళీ గీశాను.

ఈసారి మళ్ళీ చూపించాను. చాలాసేపు చూసింది. చెయ్యి బాగానే పోతోందంది. తర్వాత ఫోన్‌ను ముఖం దగ్గరికి పెట్టుకుని, “అన్నీ మంచిగున్నయ్ గానీ, దారమేది బిడ్డా?” అంది.

పధ్నాలుగు కాగితాల్లో ఒక్కదాంట్లో కూడా దారం గీయలేదు.